ఉద్యోగము కొరకు ఏమి ఇయ్యవచ్చును?



పట్టభద్రులైన మన బిడ్డలు ఏటేట పెరుగుచున్నారు. రెండు తరముల క్రిందట డోన్ చుట్టుప్రక్కల పల్లెలలో ఉత్తరము వచ్చినయెడల దానిని చదివి చెప్పువాని కొరకు వెదకవలసి యుండెను. నేడు కర్నూలులో 2008లో స్థాపింపబడిన రాయలసీమ విశ్వవిద్యాలయపు పట్టా గోడకు తగిలించుకొన్న ఇండ్లు మన సంఘములలో ఎన్నో కలవు. ఇందు నిమిత్తము దేవునికి స్తోత్రము. అయితే ఆ పట్టా క్రింద కుమారుడో కుమార్తెయో రెండేండ్లు, మూడేండ్లు పని లేక కూర్చున్న ఇండ్లును కలవు. తండ్రి తెల్లవారకముందే నాపరాతి గనికి పోవును. తల్లి వేరుశనగ చేనిలో కూలికి పోవును. చదివిన బిడ్డ నోటిఫికేషను ఎప్పుడు వచ్చునా అని ఫోను చూచుచు కూర్చుండును. ముగ్గురిలో ఎవరికిని మనశ్శాంతి లేదు.

ఉద్యోగము ఎట్లు దొరకును? ఇది ఆ ఇండ్లలో ప్రతిదినము వినబడు ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. అయితే దాని వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. ఉద్యోగము కొరకు మనము ఏమి ఇయ్యవచ్చును? ఏమి ఇయ్యకూడదు? ఊరక వచ్చు ఉద్యోగము లేదు. ప్రతివాడును దానికి ఏదో ఒకటి ఇచ్చుచునే యున్నాడు. కొందరు ఇయ్యదగినది ఇచ్చుచున్నారు, కొందరు ఇయ్యరానిది ఇచ్చుచున్నారు. ఈ నెల మనము దీనినే ఆలోచింతము.

ఆదికాండము 25వ అధ్యాయములో ఏశావు కథ మనకు తెలిసినదే. అతడు పొలమునుండి అలసి వచ్చెను. అతని ఆకలి నటన కాదు, నిజమైన ఆకలియే. ఆకలిగొనుట పాపమని ఆ కథ చెప్పుట లేదు. సాయంకాలమునకు అరిగిపోవు కూర కొరకు, మరల ఎన్నటికిని దొరకని జ్యేష్ఠత్వమును అతడు ఇచ్చివేసెను. తప్పు అక్కడ నున్నది. దీనినుండి మనకొక కొలత దొరకుచున్నది. మరల సంపాదించుకొనగల దానిని ఉద్యోగము కొరకు ధారాళముగా ఇయ్యవచ్చును. పోయిన తరువాత తిరిగి రానిదానిని ఇయ్యరాదు.

ముందుగా ఒక నింద తొలగవలెను

ఈ కొలతను చేతపట్టుకొనకముందు, పని దొరకని బిడ్డలమీద మనము మోపు నిందను కొంచెము పరీక్షింతము. "ఏం నాయనా, ఇంగా రాలేదా ఉద్యోగం?" అని ఆరాధన ముగిసిన వెంటనే గుడి మెట్లమీద అడుగుదుము. అడిగినవారికి అది పలకరింపు. విన్నవానికి అది కొరడా దెబ్బ.

నిజము ఎట్లున్నదో చూడుడి. మనది రైల్వే జంక్షను. గుంతకల్లు వైపునకును, నంద్యాల వైపునకును, కర్నూలు వైపునకును బండ్లు పోవు ఊరు. కావున రైలు ఉద్యోగమనగా మన యిండ్లలో మిక్కిలి ఆశ. 2019లో రైల్వేవారు పట్టభద్రులకును ఇంటరు చదివినవారికిని కలిపి 35,281 ఉద్యోగములు ప్రకటింపగా, దేశమంతటినుండి సుమారు 1 కోటి 25 లక్షల దరఖాస్తులు వచ్చెను. ఒక ఉద్యోగమునకు సుమారు 350 మంది. మొదటి పరీక్ష ఫలితములు తెలియుటకే 2022 జనవరి వరకు పట్టెను. 2025లో మన రాష్ట్రములో 16,347 ఉపాధ్యాయ ఉద్యోగములకు డీఎస్సీ జరుగగా, పోటీపడినవారు 3 లక్షలకు పైగా నుండిరి. అనగా ఇరువదిమందిలో ఒక్కరికి మాత్రమే స్థలము కలదు. తక్కిన పందొమ్మిదిమంది సోమరులా? వారు ఎంత చదివినను ఆ పీటలు పెరుగవు గదా. కావున ఉద్యోగము రాకపోవుట ఎవని గుణమునకును కొలత కాదు. బిడ్డలు ఈ సంగతి తెలిసికొనవలెను. తలిదండ్రులు మరి యెక్కువగా తెలిసికొనవలెను.

ఇయ్యదగినవి

మొదటిది, మన గొప్పతనము. పట్టా చేతికి వచ్చినది మొదలుకొని, ఫలానా పని నాకు తగదు అను తలంపు దానితో కూడ వచ్చును. గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చిన పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లల యింట డేరాలు కుట్టెను. సూది పట్టినందున అతని విద్య తరిగిపోలేదు. మన డోనులోను బేతంచెర్లలోను రాళ్లకు పాలిష్ పట్టు ఫ్యాక్టరీలు కలవు. వాటికి జి.ఎస్.టి. లెక్కలు వ్రాయువారు కావలెను. లారీ ఆఫీసులకు, మందుల షాపులకు, ప్రైవేటు బడులకు, సిమెంటు కర్మాగారములకు చదువు వచ్చినవారు కావలెను. జీతము తక్కువే. అయినను అక్కడ ఒక సంవత్సరము పనిచేసినవానికి వేళకు లేచుట, పై వారికి జవాబు చెప్పుట, డబ్బు లెక్క ఒప్పజెప్పుట అలవాటగును. తరువాత ఏ పెద్ద పనికి పోయినను మొదట అడుగునది ఇవియే.

అయితే చిన్న పని వేరు, వెట్టిచాకిరి వేరు. చేరకముందే జీతమెంత, ఎన్ని గంటలు, నెలలో ఏ తేదీన ఇత్తురు అని అడుగుట అవిధేయత కాదు. పని ఇచ్చువారెవరైనను మీ అసలు సర్టిఫికెట్లు తమయొద్ద ఉంచుకొందుమన్నయెడల ఒప్పుకొనవద్దు. నకళ్లు ఇయ్యుడి, అసలు చూపించి వెనుకకు తెచ్చుకొనుడి.

రెండవది, మన శ్రమ. ఉద్యోగము వెదకుటయే ఒక పని. దానికి క్రమము కావలెను. ప్రకటనలను ఆ సంస్థల అధికారిక వెబ్‌సైటులోనే చూడుడి. వాట్సాప్‌లో వచ్చినదానిని సరిచూడక నమ్మవద్దు. పదవ తరగతి సర్టిఫికెట్టులోను, ఆధార్‌లోను, డిగ్రీ పట్టాలోను పేరును పుట్టిన తేదీయు ఒకటిగా నున్నవో లేవో ఇప్పుడే చూచుకొనుడి. మనవారికి బడిలో ఒక పేరు, బాప్తిస్మమందు ఒక పేరు, ఇంటిలో ఒక పేరు ఉండుట సాధారణము. ఉద్యోగము వచ్చిన తరువాత సర్టిఫికెట్లు పరిశీలించు దినమున ఈ తేడాలు బయటపడి, అందిన అన్నము నోటికి రాకుండ పోవును. మీ చదువును, మీరు చేసిన పనిని, చేయగల పనిని ఒక్క పుటలో తప్పులు లేకుండ వ్రాసి యుంచుడి. 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద పట్టభద్రులకు శిక్షణ కాలమందు భత్యము ఇచ్చి పని నేర్పు ఏర్పాటు కలదు. దానిని మనవారు తక్కువగా వాడుకొనుచున్నారు. మరియు నోరు తెరచి అడుగుడి. ఫ్యాక్టరీకి స్వయముగా పోయి, మేనేజరుగారిని కలిసి, పని యున్నదా అని అడుగుటకు సిగ్గుపడువాడు, ఆన్‌లైనులో వంద దరఖాస్తులు పంపి ఒక్క జవాబును రాలేదని దిగులుపడుచున్నాడు.

కొలిచి ఇయ్యవలసినది

కాలమును గూర్చి వేరుగా చెప్పవలెను. అది ఇయ్యదగిన వాటికిని ఇయ్యరాని వాటికిని మధ్య నిలిచియున్నది. ఇయ్యక తప్పదు, పోయినది తిరిగి రాదు.

మన నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన ఊరు. ఇతర జిల్లాలనుండియు పిల్లలు వచ్చి గదులు అద్దెకు తీసికొని చదువుచున్నారు. అక్కడ చదివి బ్యాంకులలో చేరినవారు అనేకులు. అది మంచి మార్గమే. అయితే పోకముందు ఇంటిలో కూర్చుండి నాలుగు సంగతులు కాగితముమీద వ్రాసికొనవలెనని మేము కోరుచున్నాము. ఏ పరీక్షకు పోవుచున్నాము? ఎన్నిసార్లు ప్రయత్నింతుము? ఏ వయస్సు వరకు? ఖర్చు ఎవరి రెక్కలనుండి వచ్చును? బ్యాంకు గుమాస్తా పరీక్షకు సాధారణముగా 28 ఏండ్లు, అధికారి పరీక్షకు 30 ఏండ్లు హద్దు. కొన్ని వర్గములకు కొన్ని ఏండ్ల సడలింపు కలదు. పరీక్ష పెట్టువారే హద్దు పెట్టగా మనము హద్దు లేకుండ ఎదురుచూచుట వివేకమా?

నాలుగవ ప్రశ్నను ఎక్కువమంది దాటివేయుదురు. బిడ్డ చదువుకొనుటకు మరి యొక యేడు ఇచ్చుచున్నది ఎవరు? రాతి దుమ్ములో దగ్గుచున్న తండ్రి ఇచ్చుచున్నాడు. మోకాళ్లు వంగని తల్లి ఇచ్చుచున్నది. వారు ప్రేమతో ఇత్తురు, అడిగినను లేదనరు. కావుననే అడుగువాడు జాగ్రత్తగా అడుగవలెను. పగలు ఏదైన ఒక పనిచేసి రాత్రియు ఉదయమును చదువుకొనుట కష్టమే. అయినను ఇంటికి నెలకు కొంత తెచ్చుచు చదువువాడు పరీక్ష గదిలో భయము లేకుండ కూర్చుండును. వ్రాసికొన్న గడువు వచ్చినప్పుడు ఆ కాగితము మరల తీసి, ఇంటిల్లిపాది కలిసి మార్గము మార్చుకొనుడి. అది ఓటమి కాదు. పంట రాని చేనిలో రైతు మరుసటి ఏట వేరొక విత్తనము వేయును. అతనిని ఎవరు ఓడిపోయెననుచున్నారు?

ఇయ్యరానివి

మొదటిది, దళారి చేతికి డబ్బు. ఉద్యోగము ఇప్పింతునని చెప్పి లక్షలు అడుగువారు ప్రతి తాలూకాలోను కలరు. "పెద్దవారు మా చేతిలో ఉన్నారు" అందురు. రెండెకరముల మెట్ట అమ్మించుదురు, తల్లి మెడలోనిది తాకట్టు పెట్టించుదురు. పబ్లిక్ సర్వీసు కమిషను గాని రైల్వే బోర్డు గాని బ్యాంకులు గాని ప్రకటనలో చెప్పిన ఫీజు తప్ప మరి యేమియు తీసికొనవు. విదేశములకు పోవుటకును ఇదే జాగ్రత్త కావలెను. మన కడప ప్రాంతమునుండి కువైటుకు పోవువారు అనేకులు. 1983 నాటి వలస చట్టము ప్రకారము ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉండవలెను. అతడు అభ్యర్థియొద్ద తీసికొనదగిన రుసుము, పన్ను కాక, 30,000 రూపాయలకు మించరాదు. కంప్యూటరు పని అని నమ్మి కంబోడియాకు పోయిన విశాఖపట్టణపు యువకులు అక్కడ చెరపట్టబడి, ఇతరులను ఫోనులో మోసగించు పనికి బలవంతపెట్టబడిన సంగతి 2024లో వెలుగులోనికి వచ్చెను.

అయితే మోసపోవుదుమను భయము ఒక్కటే చెప్పిన చాలదు. దళారి మాట నిలుపుకొనెననుకొందము, ఉద్యోగము నిజముగా వచ్చెననుకొందము. అప్పుడు ఆ పీట ఎవరిది? మరియొక పల్లెలో వీధి దీపము క్రింద చదివిన, ఇచ్చుటకు రెండెకరములైనను లేని వేరొక బీదవానిది. మోసపోయినవాడు తన పొలము పోగొట్టుకొనెను. మోసపోనివాడు పొరుగువాని అన్నము తినెను. ఈ రెండింటిలో ఏది పెద్ద నష్టమో ఆలోచింపుడి.

రెండవది, నిజము. హైదరాబాదుకు పోయిన మన పిల్లలకు అక్కడ ఒక సలహా ఎదురగును. చేయని ఉద్యోగము మూడేండ్లు చేసినట్టు కాగితములు కొనుమందురు, అందరును అట్లే చేయుచున్నారందురు. కంపెనీలు ఇప్పుడు ఆ వివరములను వేరేవారిచేత విచారింపించుచున్నవి. ప్రావిడెంటు ఫండు ఖాతాలో ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేసిరో వ్రాయబడి యున్నది. పట్టుబడినవాడు ఆ దినమే బయటికి పోవును. పట్టుబడనివాని సంగతి ఏమి? రాని పనిని వచ్చినట్టు నటించుచు, ఎవడు ఏమి అడుగునో అని ప్రతి ఉదయము భయముతో లేచును. జీతము వచ్చెను గాని నిద్ర పోయెను.

ఇంతకంటె కఠినమైన సంగతి మన సంఘములకు దగ్గరగా నున్నది. దానిని మౌనముగా దాటిపోలేము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును దానిని విస్తరించిరి. క్రైస్తవులకు విస్తరింపలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి వచ్చిన క్రైస్తవులు బి.సి.-సి లో నున్నారు, వారికి నూటికి ఒక్క స్థానము. అంటరానితనము బాప్తిస్మపు నీటితో ఊరిలో తుడిచివేయబడలేదు గాని హక్కు మాత్రము కాగితములో తుడిచివేయబడెను. ఇందువలన ఆదివారము ఒక మాటయు, దరఖాస్తులో ఒక మాటయు పలుకవలసిన కుటుంబములు కలవు.

అట్టి కుటుంబముమీద మేము రాయి వేయము. ఆ బరువు వారు కోరి ఎత్తుకొన్నది కాదు, చట్టము వారి తలమీద పెట్టినది. అయినను మన బిడ్డలకు నిజస్థితి చెప్పవలసియున్నది. 1993 నాటి మన రాష్ట్ర చట్టము ప్రకారము తప్పుడు కుల ధ్రువపత్రమును ఎన్ని ఏండ్ల తరువాతనైనను రద్దు చేయవచ్చును, శిక్షయు కలదు. క్రైస్తవ విశ్వాసమును ఆచరించుచు ఉద్యోగము కొరకు షెడ్యూల్డు కుల పత్రము కోరుట చెల్లదని పుదుచ్చేరి అభ్యర్థి ఒకరి వ్యాజ్యెములో సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పెను. ఈ చట్టము మారవలెనని అడుగుటకు మనకు హక్కు కలదు. 2023 మార్చిలో మన శాసనసభయే ఆ మార్పు కోరుచు తీర్మానము చేసెను. బహిరంగముగా అడుగుట, విన్నపములు పంపుట, న్యాయస్థానమునకు పోవుట నిజవంతుల మార్గములు. అయితే ఇరువది యేండ్ల బిడ్డను ఒంటరిగా ఆ కాగితము ముందు కూర్చుండబెట్టి, విశ్వాసమా అన్నమా తేల్చుకొమ్మనుట పెద్దల ధర్మము కాదు. పదవ తరగతిలో నున్నప్పుడే ఇంటిలో కూర్చుండి ఈ సంగతులు విప్పి చెప్పుట మన విధి.

ఒక అడ్డుప్రశ్న

"అయ్యా, ఇవన్నియు వినుటకు బాగుగ నున్నవి. నిజము చెప్పినవాడు వెనుకబడును, అబద్ధమాడినవాడు ముందుకు పోవుచున్నాడు. మా కడుపు ఎవరు నింపుదురు?" అని యౌవనస్థులు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. నిజము చెప్పినవారికే ఉద్యోగము దొరకునని మేము వాగ్దానము చేయజాలము. కొన్నిసార్లు దొరకదు. ఏశావు కూర త్రాగకపోయినయెడల ఆ సాయంకాలము ఆకలితోనే యుండవలసి యుండెనేమో. కాని ఒక రాత్రి ఆకలికి మరునాడు ఉదయము కలదు. ఉద్యోగము ఈ యేడు రాకపోయిన వచ్చే యేడు రావచ్చును, ఈ ఊరిలో రాకపోయిన వేరొక ఊరిలో రావచ్చును. తన మాటకు విలువ లేకుండ చేసికొన్నవాడు ఏ ఊరికి పోయినను ఆ లేమిని వెంట తీసికొనిపోవును. మేము చెప్పగలిగినది ఇంతే. ఇది తేలికగా చెప్పు మాట కాదు.

సంఘము ఇయ్యవలసినది

ఇంతవరకు బిడ్డలకు చెప్పితిమి. ఇప్పుడు పెద్దలమైన మనకు చెప్పుకొందము. మత్తయి 20వ అధ్యాయములో సాయంకాలము ఐదు గంటల వేళ సంత వీధిలో పని లేక నిలిచియున్నవారు కలరు. యజమానుడు కారణమడుగగా, తమ్మును ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పిరి. అతడు వారిని సోమరులని గద్దింపలేదు, బోధయు చేయలేదు. తోటలోనికి పంపెను. సంధ్యవేళ వచ్చినవానికిని ఇంటిలో ఆకలిగొన్నవారు కలరని ఎరిగి కూలి ఇచ్చెను.

కావున ఉద్యోగములో నున్న మనము ఏమి చేయగలము? గుడి వారమంతయు తాళము వేసియుండును. దానిలో ఒక బల్ల, ఒక దీపము, ఫ్యాను పెట్టి సాయంకాలము చదువుకొనువారికి తెరవవచ్చును. గోడమీద ఒక బోర్డు పెట్టి ప్రకటనలు, గడువు తేదీలు వ్రాయవచ్చును. బ్యాంకులోను రైల్వేలోను బడిలోను పనిచేయువారు నెలకొక ఆదివారము మధ్యాహ్నము లెక్కలు, ఇంగ్లీషు నేర్పవచ్చును. పరీక్ష ఫీజు లేనివానికి కానుకల పెట్టెనుండి, పేరు చెప్పకుండ, సహాయము చేయవచ్చును. మనము పనిచేయుచోట ఖాళీ యున్నయెడల ముందు మన సంఘపు బిడ్డలకు వార్త చెప్పవచ్చును. వార్త చెప్పుట సహాయము. అర్హుని తోసి మనవానిని కూర్చుండబెట్టుట అన్యాయము. ఈ రెండింటికి భేదము మరువరాదు.

మరియు మన కుమార్తెల సంగతి. బి.ఎస్సీ., బి.ఇడి. చదివించి, పని దొరకు వేళకు "ఆడబిడ్డ ఒంటరిగా అంత దూరమా" అని ఆపివేయుదుము. ఆ పట్టాకు ఆమె ఇచ్చిన శ్రమ అన్న ఇచ్చిన శ్రమకంటె తక్కువ కాదు. ఆమె పోవు ఊరిలో మన సంఘములో తెలిసిన కుటుంబమొకటి ఉండకపోదు. అక్కడ ఆమెకు నమ్మకమైన బస చూచుట సంఘపెద్దలు చేయగల మేలు.

చివరగా ఒక చిన్న మనవి. వచ్చే ఆదివారము గుడి మెట్లమీద ఉద్యోగము లేని బిడ్డ ఎదురైనప్పుడు, "ఇంగా రాలేదా?" అని అడుగవద్దు. "నేనేమైన చేయగలనా నాయనా?" అని అడుగుడి. అడిగిన తరువాత చేయుడి.